మందు పడకపోతే కామెర్ల పసరు తాగిస్తమా?

మా మేనత్త మనుమడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండు. ఫిట్స్ వస్తున్నయని పట్నంల చూపిస్తే డాక్టరు ఫెనిటోయిన్ గోలీలు రాసిండు. ఒక్కపూట గూడ తప్పియ్యొద్దన్నడు. పోరడు తప్పియ్యలే. నాలుగో వారం జరం పట్టింది, ఛాతి మీద ఎర్రగ పేలింది. తల్లి పోసిందని వాళ్లవ్వ యాపమండలు కట్టింది. ఆర్‌ఎంపీ వచ్చి ఏదో సూది ఇచ్చిండు. మూడు రోజులకు మొఖం ఉబ్బింది, మెడల బిళ్లలు కట్టినయి, కండ్లు పచ్చవడ్డయి. ఇగ కామెర్లని పసరుకు తీస్కపోయిన్రు. గీ తిరుగుడంతట్ల ఫెనిటోయిన్ మాత్రం పొద్దుమాపు నడుస్తనే ఉన్నది.

ఆఖరికి సర్కారు దవాఖానల చర్మం డాక్టరమ్మ ఒక్కటే అడిగింది: "రెండు నెలల సంది కొత్తగ ఏం గోలీ ఏసుకుంటున్నవ్ బిడ్డా?" గా ఒక్క మాటతోని రోగం దొరికింది.

దాని పేరు డ్రెస్. తొడుక్కునే డ్రెస్ కాదు, ఇంగ్లీషు అక్షరాలు కలిపి పెట్టిన పేరు. మందు పడక ఒంటి మీద దద్దుర్లొస్తయి, నెత్తురుల ఇసినోఫిల్స్ అనే కణాలు పెరుగుతయి, లోపలి అవయవాలు దెబ్బతింటయి. ఎక్కువగ దెబ్బ తాకేది కార్జానికి. అటెన్క కిడ్నీలు, ఊపిరితిత్తులు, ఒక్కోసారి గుండె. నూటికి 10 మంది దాక పానం పోవచ్చు.

మందు పడలేదంటే మనకు తెలిసింది ఏంది? సూది ఇచ్చినంక పది నిమిషాలకు దురద, ఆయాసం. డ్రెస్ గట్ల రాదు. గోలీ మొదలువెట్టినంక 2 నుంచి 8 వారాలకు వస్తది. మన రోగనిరోధక శక్తి గా మందును పగోడని పట్టి, మెల్లగ దళం కట్టి మన ఒంటి మీదికే ఎగవడుతది. అంత ఆలస్యంగ వచ్చేసరికి, నెల సంది మింగుతున్న గోలీ మీద ఎవ్వలికి అనుమానం రాదు. మోసమంత గిక్కడ్నే ఉన్నది.

ఏ మందులతోని ఎక్కువ? ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమాజెపిన్, ఫినోబార్బిటాల్, లామోట్రిజిన్. యూరిక్ యాసిడ్‌కు అల్లోప్యురినాల్. సల్ఫా మందులు. కుష్టు మందులల్ల ఉండే డాప్సోన్. కొన్ని టీబీ గోలీలు గూడ. చెల్లెండ్లు జెర ఇనుండ్రి: బహిష్టు నొప్పికి మెడికల్ షాపుల అడిగి తెచ్చుకునే మెఫెనామిక్ యాసిడ్‌తోని గూడ డ్రెస్ రావచ్చని కేంద్ర ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబర్ 30న హెచ్చరిక ఇచ్చింది. శాన అరుదు, భయపడి అన్ని గోలీలు పారేసుడు అక్కెరలేదు. కని గా హెచ్చరిక ఢిల్లీ పేపర్లల్ల వచ్చింది, మన ఊరి మందుల షాపు గోడ మీదికి రాలే. నా కోపమంత గదే.

ఇంకోటి ఉన్నది, స్టీవెన్స్ జాన్సన్. ఇది ఇంకా జల్ది వస్తది, 4 నుంచి 28 రోజులల్ల. నోట్లె, కండ్లల్ల, మూత్రం కాడ పుండ్లయితయి, తోలు కాలినట్టు ఊడుతది. అది వస్తే గంటలు లెక్కవెట్టాలె. కండ్లు పోయే ముప్పు గూడ ఉంటది.

మరి ఏం చెయ్యాలె? కొత్త గోలీ ఏసుకుంటుండంగ జరం, దద్దుర్లు కలిసి వస్తే, మొఖం ఉబ్బితే గాని కండ్లు పచ్చవడితే గాని, అదే రోజు పెద్ద దవాఖానకు పోవాలె. గోలీల అట్టలన్ని సంచిల ఏస్కపోవాలె. అనుమానమున్న మందును ఆపుడే మొదటి వైద్యం. ఫిట్స్ గోలీ అయితే ఆపి ఇంట్ల కూసోవద్దు, ఫిట్స్ తిరిగొస్తయి. డాక్టరు వేరే జాతి మందు, లెవెటిరాసిటం అసొంటిది, ఇస్తడు. ఫెనిటోయిన్ పడనోనికి కార్బమాజెపిన్ ఇస్తే మళ్ల అదే కథ కావచ్చు. సీబీపీ, కార్జం పరీక్ష, క్రియాటినిన్, మూత్రం చూస్తరు. గీ టైంల అక్కెరలేని యాంటీబయాటిక్ సూదులు, పసర్లు అగ్గిల నెయ్యి పోసినట్టే.

అవయవాలు దెబ్బతింటే స్టెరాయిడ్ ఇస్తరు, దాన్ని వారాలు, నెలలు పట్టి కొద్దికొద్దిగ తగ్గిస్తరు. మావోడు గిక్కడ్నే తప్పు చేసిండు. పదిహేను రోజులకు చర్మం మంచిగయిందని తనంతల తనే బందువెట్టిండు. వారంల జరం, దద్దుర్లు మళ్ల మొదలు, మళ్ల దవాఖాన. డ్రెస్‌ల ఒంట్ల నిద్రపోయే కొన్ని వైరస్‌లు గూడ లేస్తయి, అందుకే తిరగబెడుతది. తగ్గినంక నెలలకు థైరాయిడ్, షుగర్ వచ్చినోళ్లు గూడ ఉన్నరు, పరీక్షలు ఆపొద్దు.

మందు పడకపోతే 1800-180-3024కు పైసల్లేకుండ ఫోన్ చేసి మనమే చెప్పొచ్చు, డాక్టరే కావాలని లేదు. పడని మందు పేరు కాయిదం మీద రాయించుకొని ఆధార్ కార్డు తోని పెట్టుకోవాలె, పంటి డాక్టరుకైనా చూపియ్యాలె. మావోని చెల్లెకు గూడ చెప్పినం. నెత్తురు సంబంధమున్నోళ్లకు ఆ జాతి మందుతోని ముప్పు ఎక్కువ ఉంటదంట. రేపు ఆమెకు ఫిట్స్ గోలీ రాసే అవసరం వస్తే, అన్నకు ఏమయిందో ముందుగాలనే చెప్పాలె.