టీవీ 4కె సరే, లోపలికి వచ్చేదేంటి?

ఇంజనీరింగ్‌లో సీఎస్ఈ తీసుకున్న పాపానికి బంధువులందరికీ మనమే టీవీ డాక్టర్లం. మీ ఇంట్లోనూ ఇదే కథ అయ్యుంటుంది. వెలుగోడు నుంచి మా చిన్నాయన ఫోన్ చేశాడు: "వడ్ల డబ్బులు వచ్చినాయి రా. 55 ఇంచుల 4కె తీసుకుందామనుకుంటున్నా. ఏ కంపెనీ మంచిది?" కంపెనీ సంగతి తర్వాత చూద్దామని చెప్పి రెండే అడిగాను. ఇంటికి ఏ సిగ్నల్ వస్తోంది? మంచానికీ టీవీకీ మధ్య ఎన్ని అడుగులు? మామూలు కేబుల్, ఎనిమిది అడుగులు అన్నాడు. అసలు విషయం ఈ రెండు జవాబుల్లోనే ఉంది.

మామూలు చానల్, అంటే ఎస్‌డీ, ఫుల్ సైజులో వస్తే 720×576 చుక్కలు. లెక్కేస్తే 4,14,720. ఫుల్ హెచ్‌డీ 1920×1080 దానికి సరిగ్గా 5 రెట్లు. 4కె, అంటే 3840×2160, సరిగ్గా 20 రెట్లు. ఇప్పుడు 4కె టీవీలో ఎస్‌డీ చానల్ పెడితే ప్రతి 20 చుక్కల్లో 19 టీవీ సొంతంగా ఊహించుకున్నవే. పక్క చుక్కల రంగులు చూసి మధ్యలోవి నింపుతుంది. దాన్నే అప్‌స్కేలింగ్ అంటారు. ఎంత మంచి చిప్ అయినా అసలు రాని వివరాన్ని తెచ్చివ్వలేదు.

మా ఊరి లెక్కలో చెప్తా. వెలుగోడు రిజర్వాయర్ కెపాసిటీ 16.95 టీఎంసీలు. కానీ పోతిరెడ్డిపాడు గేట్లు ఎత్తి, బానకచర్ల మీదుగా నీళ్లు వదిలితేనే కదా అది నిండేది! టీవీ రిజర్వాయర్ లాంటిది, సిగ్నల్ కాలువ లాంటిది.

దానికి తోడు కంప్రెషన్. ఒకే వైరులో వందల చానళ్లు ఇరికించాలంటే ఒక్కోదాన్ని బాగా పిండాలి. వార్తలు చదివే యాంకర్ మొహం బాగానే ఉంటుంది. వాన పాటో, క్రికెట్ గ్రౌండో రాగానే బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది. చిన్న స్క్రీన్‌లో ఆ గళ్లు దాక్కుంటాయి, 55 ఇంచుల్లో ఎదురుగా నిలబడతాయి.

ఇక దూరం. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కంటే చిన్న వివరాన్ని విడిగా పట్టలేదు. దీన్నిబట్టి లెక్క కడితే, చుక్కలు కనబడకుండా ఉండాలంటే ఎస్‌డీకి స్క్రీన్ సైజుకి దాదాపు మూడు రెట్ల దూరం కావాలి. ఫుల్ హెచ్‌డీకి ఒకటిన్నర రెట్లు చాలు, 4కెకి ముప్పావు వంతే. చిన్నాయన ఇంట్లో 55 ఇంచుల టీవీలో ఎస్‌డీ నీట్‌గా కనబడాలంటే పదమూడు అడుగుల పైనే వెనక్కి జరగాలి, అంటే మంచం వాకిట్లో వేసుకోవాలి! పాత 21 ఇంచుల డబ్బా టీవీకి ఆరడుగులే సరిపోయేది. "పాత టీవీలోనే బొమ్మ బాగుండేది" అని మా అవ్వ అంటే అందరూ నవ్వుతారు గానీ, ఆమె మాట నిజం.

అదే ఎనిమిది అడుగుల నుంచి 43 ఇంచుల్లో ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా కన్ను పట్టలేదు. అందుకే 43 చాలన్నాను, మిగిలిన డబ్బుతో హెచ్‌డీ బాక్స్, హెచ్‌డీ ప్యాక్ పెట్టించమన్నాను. ఈటీవీ, జెమిని, స్టార్ మా అన్నిటికీ హెచ్‌డీ చానళ్లు ఉన్నాయి. పిల్లలు రోజూ ఓటీటీ చూసే ఇల్లయితే 4కెకి అర్థం ఉంది. కానీ నెట్‌ఫ్లిక్స్ 4కెకి 15 ఎంబీపీఎస్ అడుగుతుంది, సబ్‌స్క్రిప్షన్ కూడా పై ప్లానే కావాలి.

చాలా ఇళ్లలో జరిగేది ఇంకోటి ఉంది. హెచ్‌డీ బాక్స్ తెస్తారు, పాత పసుపు-ఎరుపు-తెలుపు పిన్నుల వైరే గుచ్చుతారు. ఆ పసుపు పిన్నులో హెచ్‌డీ బొమ్మ పోదు. నెలనెలా హెచ్‌డీకి డబ్బు కడుతూ ఎస్‌డీ చూస్తుంటారు. హెచ్‌డీఎంఐ వైరే పెట్టాలి.

డబ్బా మీద మాటల్లో "హెచ్‌డీ రెడీ" అంటే ఎక్కువగా 1366×768, ఫుల్ హెచ్‌డీ కాదు. 32 ఇంచులకి, ఆరడుగులు దాటి కూర్చుంటే అది చాలు. చవక సెట్ మీద "హెచ్‌డీఆర్" అంటే ఆ సిగ్నల్ తీసుకోగలదని మాత్రమే, ఆ వెలుగు చూపించగలదని కాదు. నేనైతే ప్యానెల్ రకం అడుగుతా. వీఏ ప్యానెల్‌లో నలుపు నల్లగా ఉంటుంది, పక్క నుంచి చూస్తే రంగు పాలిపోతుంది. ఐపీఎస్ దానికి రివర్స్. ఇంటిల్లిపాదీ చాపల మీద అటూఇటూ కూర్చునే హాల్‌కి ఐపీఎస్ నయం.

షోరూంలో తిరిగే నెమలి, జలపాతం వీడియోలు టీవీ అందంగా కనబడాలనే తీసినవి. పైగా బ్రైట్‌నెస్, రంగులు ఫుల్‌గా పెంచి ఉంచుతారు. నంద్యాలలో కొన్నా, ఆళ్లగడ్డలో కొన్నా సిగ్గుపడకుండా అడగండి: ఆ డెమో ఆపి పిక్చర్ మోడ్ స్టాండర్డ్‌కి మార్చమనండి, కేబుల్ కనెక్షన్ ఉంటే మీ అమ్మ చూసే సీరియల్ చానలే పెట్టమనండి. మీ హాల్ ఎన్ని అడుగులో అన్ని అడుగులు వెనక్కి నడిచి, అక్కడి నుంచి చూడండి.