పెళ్ళి జాకెట్టు కుట్టించే ముందు

మనవాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి కుదిరిందనగానే ముందు ముహూర్తం, వెంటనే హాలు, పురోహితులు గారు, కేటరింగు, ఫొటోలు, వీడియో అన్నీ వరసగా స్ప్రెడ్‌షీటులోకి ఎక్కిపోతాయి. పెళ్ళికూతురి బట్టల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇండియా వెళ్ళినప్పుడు చూసుకుందాంలే" అని ఒక్క గడిలో రాసి వదిలేస్తారు. చీరల వరకూ ఆ మాట సరే. చీర కొంటే వస్తుంది, ఎవరు కట్టుకున్నా సరిపోతుంది. జాకెట్టు అలా కాదు. అది ఒక్క మనిషికే, అదీ ఆ రోజున ఆ మనిషి ఉన్న కొలతకే సరిపోతుంది.

న్యూజెర్సీలో పెళ్ళి బట్టలు కుట్టడం నా వృత్తి. పట్టుచీరల మీదికి జాకెట్లు, లంగాఓణీలు, రిసెప్షనుకి లెహెంగాలు, క్రైస్తవ కుటుంబాల పెళ్ళిళ్ళకి తెల్లచీర మీదికి పొడుగు చేతుల జాకెట్లు కుడుతుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళ ప్రశ్నలు దాదాపు అందరివీ ఒకటే. ఆది జాకెట్టు ఇస్తే చాలదా? ఇంత టైమెందుకు? ఇంత ఖరీదెందుకు? ఈ మూడింటికీ ఒకచోట జవాబు రాస్తే నలుగురికీ పనికొస్తుందని ఈ ప్రయత్నం.

ఆది జాకెట్టు చాలదా?

రోజువారీ జాకెట్టుకైతే చాలు. పెళ్ళి జాకెట్టుకి చాలదు. మీరు ఇచ్చే ఆది జాకెట్టు పదిసార్లు ఉతికింది, ఒంటికి తగ్గట్టు సాగింది. పట్టు సాగదు. దాని కింద లైనింగు ఉంటుంది, పైన పూసల బరువు ఉంటుంది. పాతదాని కొలతలు దీనికి దించితే చంకల దగ్గర పట్టేస్తుంది.

లండన్‌లో సావిల్ రో దర్జీలు "బిస్పోక్" అని ఒక మాట వాడతారు. తయారుగా ఉన్న సైజుని తీసుకుని మార్చడం కాదు, ఒక మనిషి కోసం మొదటినుంచీ కాగితం మీద గీసి, గుడ్డ కత్తిరించి కుట్టడం అని అర్థం. మన ఊళ్ళల్లో టైలరు టేపు మెళ్ళో వేసుకుని చేసిన పనీ ఇదే. పేరే కొత్త.

నేను జాకెట్టు పొడవు, భుజం, ఛాతీ, ఛాతీ కింద, నడుము, చంక, చేతి పొడవు, చేతి చుట్టూ, ముందు మెడ, వెనక మెడ, టక్కు మొన ఎక్కడ రావాలో ఆ దూరం, ఇలా పద్నాలుగు కొలతలు తీస్తాను. నిలబడి ఉండగా ఒకసారి, కూర్చున్నాక కొన్ని మళ్ళీ తీస్తాను. చాలామందికి రెండు భుజాలూ ఒక ఎత్తులో ఉండవు. రోజుకి పది గంటలు కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయిలకి భుజాలు ముందుకి వంగి ఉంటాయి. వాళ్ళకి వీపు భాగం కాస్త వెడల్పుగా, ముందు భాగం కాస్త సన్నగా కత్తిరించకపోతే జాకెట్టు మెడ దగ్గర లేచి నిలబడుతుంది. ఈ సంగతి ఆది జాకెట్టు చెప్పదు.

కొలతలయ్యాక ముందు చౌక కోరా గుడ్డతో ఒక నమూనా జాకెట్టు కుట్టి తొడిగిస్తాను. ఎక్కడ వదులు, ఎక్కడ బిగువు అన్నది దాని మీదే పిన్నులు పెట్టి గుర్తు చేసుకుంటాను. అది సరిగ్గా కుదిరాకే పట్టు మీద కత్తెర వేస్తాను. కోరా గుడ్డ పాడైతే ఇంకో గజం కొనుక్కోవచ్చు. చీరతో వచ్చిన జాకెట్టు గుడ్డ మళ్ళీ దొరకదు.

ఆ గుడ్డ గురించి ఒక మాట. పట్టుచీరతో సాధారణంగా 80 సెంటీమీటర్లు, లేకపోతే ఒక మీటరు జాకెట్టు గుడ్డ వస్తుంది. అంచు చీర పొడవునా నడుస్తుంది కాబట్టి, అంచు చేతుల చివర రావాలంటే చేతుల్ని గుడ్డకి అడ్డంగా కత్తిరించాలి. మోచేతుల దాకా చేతులు, బోటు మెడ, వెనక ఎత్తు మెడ అన్నీ కావాలంటే ఆ గుడ్డ చాలకపోవచ్చు. చీర కొనేటప్పుడే ఎలాంటి చేతులు అనుకుంటున్నారో తేల్చుకోండి. కావాలంటే అదే రంగు పట్టు ఇంకో అర మీటరు అక్కడే తీసుకోండి.

అసలు పట్టేనా కాదా అన్న అనుమానం ఉంటే కేంద్ర పట్టు మండలి 2004లో మొదలుపెట్టిన సిల్క్ మార్క్ ముద్ర చూడండి. ఇంట్లో తేల్చుకోవాలంటే చివర నుంచి రెండు పోగులు లాగి కాల్చండి. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలుగుతుంది. పాలియెస్టరు కరిగి గట్టి ఉండ అవుతుంది.

తంతుకి తగ్గ జాకెట్టు

సినిమా హీరోయిన్ ఫొటో తెచ్చి "అచ్చం ఇలాగే" అంటారు. ఫొటోలో ఆమె రెండు నిమిషాలు కదలకుండా నిలబడింది. పెళ్ళికూతురు గంటల తరబడి కూర్చోవాలి, లేవాలి, వంగాలి. అందుకే నేను మొదట అడిగేది డిజైను కాదు, మీ ఇంటి పెళ్ళి తంతు.

గౌరీపూజకి పీటల మీద కూర్చోవాలి. కొన్ని ఇళ్ళల్లో మేనమామలు గంపలో కూర్చోబెట్టి తీసుకొస్తారు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చెయ్యి వరుడి తలమీదికి చాచాలి. తలంబ్రాలకి రెండు చేతులూ పైకెత్తి పోటీ పడి పొయ్యాలి. చంక కింద గుడ్డ బాగా కిందికి దిగితే చెయ్యెత్తినప్పుడు జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. అదే చంకని కాస్త పైకి, ఒంటికి దగ్గరగా కత్తిరిస్తే చెయ్యి లేచినా జాకెట్టు కదలదు. చాలామంది వదులుగా ఉంటే హాయిగా ఉంటుందనుకుంటారు. చంక విషయంలో అది తిరగబడుతుంది.

మంగళసూత్రం కట్టేటప్పుడు ముడి మెడ వెనక పడుతుంది. అక్కడ పూసల జాలరు, బరువైన డోరీలు, పైన పూలజడ, వాటి మధ్య సూత్రం తాళ్ళు చిక్కుకుంటాయి. డోరీ తప్పనిసరి అనుకుంటే మెడకి రెండంగుళాల కిందికి పెట్టిస్తాను.

నగలు కూడా అంతే. వంకీ పెట్టుకునేవాళ్ళకి చేతి పొడవు వంకీని బట్టి నిర్ణయించాలి. వడ్డాణం ఉంటే జాకెట్టు పొడవు దానికి తగలకుండా చూడాలి. కాసులపేరు, హారం, నెక్లెసు మూడూ వేసుకునే అమ్మాయికి ముందు మెడ మీద వెయ్యి పూసలు కుట్టినా కనపడవు సరికదా, గుచ్చుకుంటాయి. అందుకే చివరి ట్రయలుకి నగలు, లోపల వేసుకునే బట్టలు, వీలైతే చీర కూడా తెమ్మంటాను. ఆ జాకెట్టుతో కాసేపు కింద కూర్చోమంటాను, చేతులెత్తమంటాను, వంగమంటాను. అమ్మాయిలు నవ్వుతారు కానీ పెళ్ళిరోజున నాకు ఫోను రాదు.

ఇంకో జాగ్రత్త. హోమం దగ్గరికి నైలాన్ నెట్టు ఓణీలు, పాలియెస్టరు ఆర్గంజా దుపట్టాలు వద్దు. నిప్పు తగిలితే అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. వాటిని రిసెప్షనుకి ఉంచుకోండి.

మగ్గం వర్క్ అంటే

ఇది చీరలు నేసే మగ్గం కాదు. కర్రల చట్రానికి గుడ్డని డోలులా బిగించి, దాని ముందు కూర్చుని, కొక్కెం లాంటి మొన ఉన్న ఆరీ సూదితో కింద పట్టుకున్న దారాన్ని పైకి లాగుతూ గొలుసు కుట్టు వేస్తారు. దాని మీద పూసలు, చెమ్కీలు, కుందన్లు, జర్దోసీ తీగలు చేరుస్తారు.

ముందు డిజైనుని ట్రేసింగు కాగితం మీద గీసి, గీత పొడవునా సూదితో చిల్లులు పొడుస్తారు. ఆ కాగితం గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని రుద్దుతారు. చిల్లుల్లోంచి చుక్కలు గుడ్డ మీద పడతాయి. ఆ చుక్కల వెంబడి పని నడుస్తుంది.

మీరు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఒకటే. ఈ పని గుడ్డని కత్తిరించక ముందే జరుగుతుంది. మెడ ఎంత లోతు, చేతులు ఎంత పొడవు అన్నది ఆ చట్రం మీదే ఖాయమైపోతుంది. పని పూర్తయ్యాక "మెడ కొంచెం పైకి కావాలి" అంటే ఎవరి చేతుల్లోనూ ఉండదు. పైగా బరువైన కుట్టు గుడ్డని లోపలికి లాగుతుంది కాబట్టి, దాని కోసం ముందే కొంత వదలాలి. అందుకే కొలతలు, నమూనా జాకెట్టు మగ్గానికి ముందు జరగాలి, తర్వాత కాదు.

కంప్యూటరు ఎంబ్రాయిడరీని చేతిపనిగా అమ్మేవాళ్ళూ ఉన్నారు. గుడ్డ తిరగేసి చూడండి. మిషను పనిలో వెనకవైపు దారం ఒకే తీరుగా నడుస్తుంది, అట్టలాంటి పలచటి కాగితం అతికి ఉంటుంది. చేతిపనిలో ముడులు కనిపిస్తాయి, కుట్లు కాస్త హెచ్చుతగ్గులుగా ఉంటాయి.

సమయం, పార్సిళ్ళు

ముహూర్తానికి ఆరు నెలల ముందు చీరలు, అయిదు నెలల ముందు కొలతలు, నమూనా. ఆ తర్వాత గుడ్డ మగ్గానికి వెళ్ళాలి. తిరిగొచ్చాక కత్తిరింపు, కుట్టు, మొదటి ట్రయలు ముహూర్తానికి నెల ముందు. చివరి ట్రయలు పది రోజుల ముందు. వరుడి తరఫు చీరలుంటే వాటి జాకెట్టు గుడ్డ కూడా ఈ లెక్కలోకే రావాలి. వియ్యపురాలిని అడగడానికి మొహమాటపడి చివరి వారం తెచ్చేవాళ్ళు చాలామంది. ముందే అడగండి, ఆవిడా సంతోషిస్తారు.

ఇండియా నుంచి తెప్పించుకునేవాళ్ళు కస్టమ్స్ సంగతి గుర్తుంచుకోండి. అమెరికాకి 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి నిలిపేశారు. సుంకం రేట్లు ఆ తర్వాత కూడా మారుతూ వచ్చాయి కాబట్టి, పంపించే ముందు కొరియరు వాళ్ళని అప్పటి రేటు అడగండి.

ఇంత ఖరీదెందుకు?

"మా విజయవాడలో ఇందులో పదోవంతుకే కుడతారండీ" అన్నమాట నేను వారానికొకసారైనా వింటాను. నిజమే. అయితే లెక్క చూద్దాం. మనవాళ్ళకి లెక్కలంటే ఇష్టం కదా.

ఓ మోస్తరు పెళ్ళి జాకెట్టుకి మగ్గం పని 60 గంటలు అనుకుందాం. 2025లో న్యూజెర్సీ కనీస వేతనం గంటకి 15.49 డాలర్లు. అంటే ఇక్కడ కనీస వేతనంతో చేయిస్తే కూలి ఒక్కటే 929 డాలర్లు దాటుతుంది. ఇంకా పూసలు, జరీ, కత్తిరింపు, కుట్టు, ట్రయళ్ళు లెక్కలోకి రాలేదు. అందుకే ఆ పని ఇండియాలో జరుగుతోంది. అక్కడ చౌకగా దొరుకుతోందంటే గంటలు తగ్గాయని కాదు. గంటకి ఇచ్చేది తగ్గింది. ఆ తేడా ఎవరి నడుము, ఎవరి కళ్ళు భరిస్తున్నాయో ఒకసారి ఆలోచించండి.

నేను మగ్గం పని పంపించేచోట గంటల లెక్కన డబ్బివ్వమని అడుగుతాను, డిజైను మధ్యలో మారిస్తే అదనంగా ఇస్తాను. ఆ ఖర్చు మీ బిల్లులో కనపడుతుంది. దాచను. హాలు పూల అలంకరణకి బేరమాడని వాళ్ళు జాకెట్టు కుట్టుకూలి దగ్గర ఇరవై డాలర్లు తగ్గించమంటే నాకు కోపం రాదు కానీ, మన చదువులన్నీ చేతిపనికి విలువ కట్టడం ఎందుకు నేర్పలేదా అనిపిస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే దారి ఉంది. పని చేతుల మీద, వెనక మెడ మీద మాత్రమే పెట్టించండి. ముందువైపు పైటా నగలే కప్పేస్తాయి.

అమ్మాయి ఒంటి గురించి

చివరగా, తల్లులతో ఒక మాట. "ఇంకా రెండు నెలలుంది, తగ్గుతుంది. రెండంగుళాలు తక్కువ పెట్టి కుట్టండి" అంటారు, అమ్మాయి ఎదురుగానే. అమ్మాయి నేలచూపులు చూస్తుంది. నేను ఈ రోజు ఉన్న కొలతకే కుడతాను. తగ్గితే పది నిమిషాల్లో లోపలికి కుట్టెయ్యొచ్చు. తక్కువ కుట్టి, ఆ అమ్మాయి తగ్గకపోతే పెళ్ళిరోజున ఊపిరాడదు. అంతకన్నా ముఖ్యంగా, రెండు నెలల పాటు తన పెళ్ళి జాకెట్టుని చూసి భయపడుతుంది.

రంగు తక్కువనీ, చేతులు లావనీ, చిన్నప్పటి ఆపరేషను మచ్చ కనపడుతుందనీ ట్రయలు గదిలో అనకండి. ఏది కప్పాలో ఏది వద్దో అమ్మాయి నాకు విడిగా చెబుతుంది. ఒకమ్మాయికి మధుమేహం, ఇన్సులిన్ పంపు తీయడానికి వీల్లేదు. పెళ్ళి మానలేదు, పట్టుచీరా మానలేదు. చీర కింది లంగా నడుము పట్టీలో చిన్న జేబు కుట్టి, ట్యూబు వెళ్ళడానికి ఒక కాజా పెట్టాను. పీటల మీద ఎవరికీ తెలియలేదు. ఆ అమ్మాయికి కావలసిందీ అదే. కొలిచి కుట్టడం అంటే నా దృష్టిలో ఇంతే. ఒంటిని గుడ్డకి సరిపెట్టడం కాదు, గుడ్డని ఒంటికి సరిపెట్టడం.

పెళ్ళయ్యాక జాకెట్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి. పలచటి నూలుగుడ్డలో చుట్టి, చీరని మూణ్ణెల్లకోసారి మడత మార్చండి. జరీ మీద సెంటు కొట్టకండి. పక్క కుట్ల లోపల రెండువైపులా అంగుళంన్నర గుడ్డ వదిలిపెడతాను. వరసగా మూడు కుట్లుంటాయి. సీమంతానికి ఒక కుట్టు విప్పితే చాలు, అదే జాకెట్టు మళ్ళీ సరిపోతుంది.