చేప నెత్తురు చెప్పు సాక్ష్యము

చేపలు కొనునప్పుడు మనవారు మొట్టమొదట చూచునది అది బ్రతికియున్నదా లేదా అనునదే. తొట్టిలో ఈదులాడు కొర్రమీను కనబడినచో అంతకు మించిన సరకు లేదని తలతురు. బ్రతికిన చేప తాజాది అనుట నిజమే. కాని అది పెరిగిన నీరు మంచిదనుటకు మాత్రము అది నిదర్శనము కాదు. కొర్రమీను, మట్టగిడస మొదలగు చేపలు నీటిపైకి వచ్చి గాలిని పీల్చుకొనగలవు. అందుచేత ఇతర జాతులు ఊపిరాడక చనిపోవు మురికినీటిలో సైతము ఇవి జీవించును. పైకి ఆరోగ్యముగా కనబడు అట్టి చేప శరీరములో జరిగిన హానిని తెలిసికొనవలెనన్నచో దాని నెత్తుటిబొట్టును సూక్ష్మదర్శినిలో చూడవలెను.

ఢిల్లీ నగరపు ఉత్తర భాగముననున్న ముఖర్జీ నగర్ పోటీపరీక్షల శిక్షణకు పేరుపొందిన పేట. దేశము నలుమూలలనుండి వచ్చిన యువకులు ఇచ్చట అద్దెగదులలో నివసించి చదువుకొనుచున్నారు. ఈ పేటకు కొద్ది దూరముననే, వజీరాబాద్ వద్ద, యమునానదిపై 1959లో నిర్మించిన ఆనకట్ట కలదు. ఆనకట్టకు ఎగువనున్న నీటిని శుద్ధిచేసి నగరవాసులకు త్రాగుటకు ఇచ్చుచున్నారు. దానికి దిగువనే నజఫ్‌గఢ్ కాలువ వచ్చి నదిలో కలియును. ఒకప్పుడు సాహిబీ నది నీరు పారిన ఈ మార్గము నేడు నగరములోని మురుగుకాలువలన్నింటిలో పెద్దది. ఇండ్ల మురుగుతోపాటు పారిశ్రామిక వాడల నీరును దీనిలో చేరుచున్నది. ఉక్కును ఆమ్లములతో కడుగుట, లోహములకు పూతపెట్టుట వంటి పనుల వ్యర్థజలములో క్రోమియం, నికెల్ మున్నగు లోహములుండును. వజీరాబాద్ నుండి ఓఖ్లా వరకు గల 22 కిలోమీటర్లు యమున మొత్తము పొడవులో 2 శాతమునకు మించవు. అయినను ఆ నది మాలిన్యములో అధికభాగము ఇచ్చటనే చేరుచున్నది.

ఆకులు, అన్నపుమెతుకులు నీటిలో కుళ్లి కొంతకాలమునకు నశించును. లోహములట్లు నశింపవు. అవి అడుగున బురదలో చేరి, నీరు కదలినప్పుడు మరల పైకి లేచును. చేప మొప్పలద్వారా, ఆహారముద్వారా దాని శరీరములో ప్రవేశించి కాలేయము, మూత్రపిండములలో పేరుకొనును.

జంతువుల జీవకణములలో సాధారణముగా కేంద్రకము అనునదొకటి యుండును. తల్లిదండ్రులనుండి సంక్రమించిన లక్షణములను మోయు క్రోమోజోములు దానిలోనే యుండును. క్రోమియంలో విషగుణము హెచ్చుగా గల రూపము కణములో దూరి, ఆ క్రోమోజోములు తెగిపోవునట్లు చేయును. కాడ్మియం, ఆర్సెనిక్ చేయు కీడు మరియొక రీతిది. తెగిన భాగములను అతుకుటకు కణమునకు సహజముగా గల శక్తిని అవి కుంటుపరచును. ఒకటి గోడను కూల్చగా, మరియొకటి తాపీవానిని పని చేయనీయదు.

కణము రెండుగా చీలునప్పుడు తెగిన క్రోమోజోము ముక్క కేంద్రకములో చేరలేక వెలుపల మిగిలి, చిన్న చుక్కవలె గుండ్రనగును. దీనిని సూక్ష్మకేంద్రకము అందురు. మానవుని ఎఱ్ఱ రక్తకణములలో కేంద్రకముండదు. చేప ఎఱ్ఱకణములలో ఉండును. కావున గాజుపలకపై పూసి, రంగువేసిన నెత్తుటిబొట్టులో ఈ చుక్కలను లెక్కింపవచ్చును. లక్నోలోని జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ శాస్త్రజ్ఞులు మట్టగిడసలను లోహములు కలిపిన నీటిలోనుంచి ఇట్టి పరీక్షలు చేసియున్నారు. చేపలు చచ్చి తేలుటకు ముందే అపాయమును తెలుపుటయే ఈ పరీక్షవలన ప్రయోజనము.

ఇది ఢిల్లీకి మాత్రమే సంబంధించిన విషయము కాదు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థములు నక్కవాగును పాడుచేసిన వ్యవహారము 1990లో సుప్రీంకోర్టు వరకు పోయినది. ఆ వాగు మంజీరలో కలియును. జపానులోని మినమాటా అఖాతములో పాదరసము చేరిన చేపలను తిన్నవారికి నరముల వ్యాధి సోకినట్లు 1956లో వెల్లడియైనది. అచ్చట చేప మొదటి బాధితురాలు, మనుష్యుడు రెండవవాడు.

చెడిన జన్యువులు గల చేపను తినినచో మన జన్యువులును అట్లే మారునా? మారవు. అవి ఇతర ఆహారమువలెనే జీర్ణమగును. భయపడవలసినది ఆ చేపలో నిలిచిన లోహమునకే. వండినను, వేపినను లోహము పోదు. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలకు, కాడ్మియం మూత్రపిండములకు చేటు. ఆర్సెనిక్ క్యాన్సరునకు కారణము కాగలదు.

అట్లని చేపలను మానవలసిన పనిలేదు. చేప మంచి పోషకాహారము. అంగళ్లకు వచ్చు చేపలన్నియు మురికినీటివి కావు. అది ఏ చెరువుదో, ఏ నదిదో అమ్మువానిని అడుగుడు. మురుగుకాలువలు కలియుచోట పట్టిన చేపలను చవుక యని కొనకుడు. మొప్పలు, కాలేయము, ప్రేవులు, వెన్నెముకనంటియుండు మూత్రపిండములు పూర్తిగా తీసివేయుడు. గర్భిణీస్త్రీలు, పిల్లలు ఇతర చేపలను తిని బ్రతుకు పెద్దచేపలను మితముగా తినవలెను. వాడిన బ్యాటరీలను, పగిలిన ట్యూబులైట్లను కాలువలలో పారవేయకుడు.

పరిశ్రమలు తమ వ్యర్థజలమును శుద్ధిచేసి విడువవలెనని 1974నాటి జలకాలుష్య నివారణ చట్టము నిర్బంధించుచున్నది. ఆ చట్టము నీటిలో అమలగుచున్నదో లేదో చేప తన నెత్తుటితో చెప్పును. ఆ సాక్ష్యమును సకాలమున విన్నచో మన నెత్తుటిని పరీక్షింపవలసిన అవసరము తప్పును.