కంటిలోని సమ్మర్దము

ఆషాఢమాసమున సికిందరాబాదు ఉజ్జయినీ మహాంకాళి బోనాల జాతరలో గొడుగు విప్పుటకు చోటుండదు. ముడిచిన గొడుగు ముడిచినట్లే యుండును. మన దేహమందలి జీవకణములలోను ఇట్టి సమ్మర్దమే కలదు. అందు ప్రోటీనులు మొదలగు పెద్ద అణువులు క్రిక్కిరిసి యుండును. ప్రోటీను పొడవైన గొలుసు వంటిది. సాధారణముగా అది ముడుచుకొని తగిన రూపము దాల్చిననే పని చేయగలదు. విప్పుకొనుటకు ఎక్కువ చోటు కావలెను. కావున ఇరుకులో ముడిచిన రూపమే స్థిరముగా నిలుచును. ప్రోటీనులు ఒకదానితో నొకటి జతగూడుటయు సులభమగును.

అయితే ఈ మేలే ఒక్కొక్కప్పుడు కీడగును. కంటి కటకపు బరువులో సుమారు మూడవవంతు ప్రోటీనులే. వానిలో ముఖ్యమైనవి క్రిస్టలినులు. అవి ఒత్తుగా, చక్కగా అమరియుండుటచే కటకము నిర్మలమై కాంతిని లోనికి పంపును. కటకపు నడుమనున్న ప్రోటీనులు జీవితకాల మంతయు మారవు. వయస్సు, తీవ్రమైన యెండ, మధుమేహము మున్నగు కారణములచే రూపు చెడినవి ఆ ఇరుకులో ఒండొంటి కంటుకొని గడ్డలగును. చూపు మసకబారును. అదియే శుక్లము.

ఈ యాపదను చాలకాలము ఆపునది ఆల్ఫా క్రిస్టలిన్. అది చెడిన ప్రోటీనును పట్టుకొని, ఇతరముల కంటుకొననీయదు. ఈ రక్షణగుణమును 1992లో జోసెఫ్ హార్విట్జ్ వెల్లడించెను. సైనిక్‌పురికి కొలది కిలోమీటర్ల దూరమున, హబ్సిగూడలో సి.సి.ఎం.బి. అను పరిశోధనసంస్థ కలదు. అచ్చట సిహెచ్. మోహన్‌రావుగారును వారి సహచరులును ఈ ప్రోటీను పనితీరును విశేషముగా పరిశోధించిరి.