స్క్రీన్ మీద నల్ల చుక్క: డెడ్ పిక్సెలా, ఫ్లోటరా?

నెల్లికుదురు ఫ్రెండ్స్ తెల్ల వాల్‌పేపర్ మీద పోగుల్లాంటి నీడలు చూసి, డిస్‌ప్లే పోయిందా అని నన్నడుగుతుంటారు. చూపు పక్కకి తిప్పండి. చుక్క ఉన్నచోటే ఉంటే డెడ్ పిక్సెల్, చూపుతోపాటు జారితే ఫ్లోటర్.

కంటి లోపలి విట్రియస్ జెల్‌లో దాదాపు 99 శాతం నీరే. వయసుతో, మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లకైతే ఇంకా ముందే, అందులోని కొల్లాజెన్ పోగులు ముద్దకట్టి రెటీనా మీద నీడ వేస్తాయి. డార్క్ మోడ్‌లో అంతగా కనబడవు, అంతే. ఐ డ్రాప్స్‌తో కరగవు. చాలామందికి మెల్లగా అలవాటైపోతాయి. విట్రెక్టమీ ఆపరేషన్ ఉంది గానీ, తర్వాత శుక్లం వచ్చే రిస్క్ ఉంది; నేనైతే తొందరపడమనను.

ఒక్కసారిగా బోలెడు చుక్కలు, మెరుపులు, పక్కనుంచి తెర దిగినట్టు కనిపిస్తే మాత్రం రెటీనా ఊడుతోందేమో! కళ్లజోడు షాపుకి కాదు, అదే రోజు వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రికో, హైదరాబాద్ సరోజినీదేవికో వెళ్లి రెటీనా చూపించుకోండి. కంటిపాప పెద్దదయ్యే డ్రాప్స్ వేస్తారు, కొన్ని గంటలు మసకే. బండి నడపడానికి తోడు ఎవరినైనా తీసుకెళ్లండి.