అచ్చు నుంచి చుక్కల దాకా

చూపు లేని విద్యార్థి ఒకరు మన కాలేజీ లైబ్రరీకి వచ్చి, కెమిస్ట్రీ పుస్తకం బ్రెయిలీలో కావాలని అడిగారనుకుందాం. "కంప్యూటర్‌లో వేస్తే అదే వచ్చేస్తుంది కదా!" అని తేలిగ్గా అనేస్తాం. వచ్చేమాట నిజమే. కాని ఎలా వస్తుందో తెలుసుకుంటే, మనం చెయ్యాల్సిన పని కూడా తెలుస్తుంది.

ఫ్రాన్సులో 1809లో పుట్టిన లూయీ బ్రెయిలీ ఈ లిపిని 1829లో ప్రకటించాడు. రెండు నిలువు వరుసల్లో మూడేసి చుక్కలు. ఆ ఆరూ కలిసి ఒక గడి. ఏ చుక్కలు ఉబ్బుగా ఉన్నాయన్నదాన్ని బట్టి 63 గుర్తులు ఏర్పడతాయి. మన భాషలన్నిటికీ ఉమ్మడిగా 1951లో భారతి బ్రెయిలీ వచ్చింది. తెలుగు 'క'కీ, హిందీ 'క'కీ గడి ఒకటే.

అచ్చు పుస్తకం బ్రెయిలీ కావడానికి మూడు మెట్లున్నాయి. మొదట స్కానర్ పేజీని ఫోటో తీస్తుంది. కంప్యూటర్‌కి అది ఉత్త బొమ్మ. ఓ.సి.ఆర్. అనే ప్రోగ్రాం ఆ బొమ్మలోంచి అక్షరాలను ఏరుతుంది. తెలుగుకి ఒత్తులు కింద, గుణింతాలు పైన ఉండడంతో ఇది కష్టమైన పని. 'ధ', 'థ'లకు తేడా కడుపులో చుక్కే కదా!

రెండవది అనువాదం. లిబ్‌లూయీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. 'అమ్మ' అనే మాట చూడండి. బ్రెయిలీలో కింద, పైన అనేవి లేవు. అన్నీ వరుసగానే ఉంటాయి. యూనికోడ్‌లో 'మ' తరువాత పొల్లు, ఆపైన మరో 'మ' ఉంటాయి. బ్రెయిలీలో ఆ పొల్లు గుర్తు రెండు 'మ'ల కన్నా ముందే రావాలి. ఇలాంటి సూత్రాలన్నీ పట్టికగా రాసి ఉంచితే, సాఫ్ట్‌వేర్ వాటి ప్రకారం క్షణాల్లో మార్చేస్తుంది. మూడవ మెట్టులో ఎంబాసర్ అనే యంత్రం దళసరి కాగితం మీద చుక్కలు పొడుస్తుంది.

చిక్కంతా మొదటి మెట్టులోనే! 10 మీద ఘాతంగా ఉన్న మైనస్ 3 కాస్తా కిందికి జారి, 10లోంచి 3 తీసివేతగా మారిందనుకోండి. వేలితో చదివేవారికి అచ్చుపేజీతో సరిచూసుకునే వీలుండదు. అందుకే ఎవరో ఒకరు కూర్చుని ప్రతి లైనూ దిద్దాలి. ఈలోగా పరీక్షలు వచ్చేస్తాయి.

విచిత్రమేమంటే, ఈనాటి పుస్తకాలన్నీ ముందు కంప్యూటర్‌లోనే టైపవుతున్నాయి. ఆ ఫైలు పారేసి, అచ్చు వేసి, మళ్ళీ స్కాన్ చేయడమంటే తూర్పారబట్టిన వడ్లను గడ్డిలో కలిపి తిరిగి ఏరుకోవడమే! పైగా పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినది తెర మీద తెలుగే అయినా, లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులే. అనువాదం చేసే సాఫ్ట్‌వేర్‌కి అదేమీ అర్థం కాదు.

అంధుల చదువు కోసం పుస్తకాలను ఇలా మార్చుకోవచ్చని 2012 కాపీరైటు సవరణ స్పష్టంగా చెప్పింది. కాబట్టి లెక్చరర్ల నోట్సు, ప్రశ్నపత్రాలు, మన సంచికలు యూనికోడ్‌లో టైపు చేసి, ఆ ఫైళ్ళను లైబ్రరీలో భద్రపరిస్తే చాలు, సగం పని అయినట్టే. సంపాదకవర్గానికి నా మనవి ఒక్కటే: ఈ సంచిక ఫైలుతోనే మొదలుపెట్టండి.