మూడు కడవల ముచ్చట

సఖినేటిపల్లి రేవులో నిలబడితే ఎదుట వశిష్ఠ గోదావరి, ఆవలి ఒడ్డున నరసాపురం కనిపిస్తాయి. పంటు కోసం కాచుకున్నవాళ్ళను ఒక్కసారి చూడండి. ఒకరి చేతిలో సెల్‌ఫోను, ఒకరి సంచిలో ల్యాప్‌టాప్, ఒక రైతు వీపున పొలానికి మందుకొట్టే స్ప్రేయరు. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చి కోనసీమ లంకలు నీట మునిగాయి. అటువంటప్పుడు కరెంటు పోతే చేతిలో ఉన్న దీపమూ, ఫోనే దిక్కు. వీటికి శక్తినిచ్చేది చాలావరకు లిథియం బ్యాటరీయే.

లోహాలన్నిటిలోకీ తేలికైనది లిథియం. లిథియం అయాను బ్యాటరీని 1991లో జపానుకు చెందిన సోనీ కంపెనీ మొదట బజారులోకి తెచ్చింది. దీనికోసం పాటుపడిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానం వచ్చింది. వారిలో జాన్ గుడెనఫ్ వయసు అప్పటికి 97 ఏళ్ళు! మన తిరుపతిలో కూడా 2022లో ఇటువంటి సెల్స్ తయారుచేసే కర్మాగారం పని ప్రారంభించింది.

పిల్లలూ, ఒక సంగతి గమనించారా? మన సైన్సు పుస్తకాలలో సెల్‌ను ఘటం అంటారు. ఘటమంటే కుండే గదా! ఈ మాట మనకు చాలా పనికివస్తుంది.

ఒక్క లిథియం ఘటం నిండుగా ఉంటే సుమారు 4.2 వోల్టులు ఇస్తుంది. ల్యాప్‌టాప్‌కు అది చాలదు. అందుచేత మూడు నాలుగు ఘటాలను వరుసగా, అంటే శ్రేణిలో కలుపుతారు. అప్పుడు అన్నిటిలోనూ ఒకే కరెంటు ప్రవహిస్తుంది. మూడు కడవలను పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కదానిలో ఒకేసారి ఒక్కొక్క చెంబు నీళ్ళు పోసినట్టన్నమాట.

ఒక కడవలో ముందే కాస్త ఎక్కువ నీళ్ళు ఉన్నాయనుకోండి. మిగతా రెండూ నిండకముందే అది నిండి పొర్లుతుంది. పోసేవాడు మొత్తం నీళ్ళు మాత్రమే లెక్కపెడుతూ ఉంటే ఈ సంగతి తెలియదు. మూడు ఘటాలకు నిండు లెక్క 12.6 వోల్టులు. రెండు ఘటాలు 4.1, మూడోది 4.4 ఉన్నా మొత్తం 12.6 అవుతుంది! ఛార్జరు అంతా బాగానే ఉందనుకుంటుంది. కాని మూడో ఘటంలో లిథియానికి చోటు చాలక, లోహంగా పేరుకుంటుంది. ఘటం వేడెక్కి ఉబ్బుతుంది; ఒక్కొక్కప్పుడు అంటుకుంటుంది కూడా.

దీనికి ఉపాయం ఏమిటి? బ్యాటరీ పెట్టెలో ఒక చిన్న పలక ఉంటుంది. అది ప్రతి ఘటాన్నీ విడివిడిగా కొలుస్తుంది. ఏ ఒక్కటి హద్దు దాటబోయినా ఛార్జింగు ఆపేస్తుంది. ముందుగా నిండిన ఘటానికి ఒక నిరోధాన్ని తగిలించి, కొద్దికొద్దిగా కరెంటును వేడి రూపంలో వదిలిస్తుంది. ఈలోగా మిగతావి దానిని అందుకుంటాయి. దీనినే సమతూకం చేయడం అంటారు. నిండుదానిలోనిది తీసి వెలితిదానిలో పోసే పలకలూ ఉన్నాయి. వాటి ఖరీదు ఎక్కువ.

అయితే ఒక మాట. ఈ పలక కడవలలో నీటి ఎత్తును సరిచేయగలదే కాని, పాతబడి చిన్నదైపోయిన కడవను పెద్దది చేయలేదు. వాడేటప్పుడు ఆ చిన్న కడవే ముందు ఖాళీ అవుతుంది. మిగతావాటిలో నీళ్ళున్నా అంతటితో ఆపవలసిందే. పాత ఘటాల మధ్య కొత్తదాన్ని కలపకూడదనేది ఇందుకే.

సాధారణంగా సెల్‌ఫోనులో ఒక్క ఘటమే ఉంటుంది కనుక దానికి ఈ తూకంతో పని లేదు. కాని జాగ్రత్తలు అన్నిటికీ ఒకటే. దిండు కింద పెట్టి ఛార్జింగు చేయకండి. ఎండలో వదిలేయకండి. ఆ పరికరానికి తగిన ఛార్జరే వాడండి. బ్యాటరీ ఉబ్బితే నొక్కవద్దు, పొడవవద్దు, ఛార్జింగు పెట్టవద్దు. వెంటనే పెద్దలకు చెప్పండి. చాలాకాలం వాడని బ్యాటరీని సగం నింపి చల్లనిచోట ఉంచాలి.

వరదల కాలం రాకముందే మీ ఇంటి దీపాన్ని ఒకసారి వెలిగించి చూడండి. నిండా ఛార్జింగు చేసినా త్వరగా ఆరిపోతున్నదంటే, లోపల ఏదో ఒక కడవ చిన్నదయిపోయి ఉండవచ్చు!